ఏ కోడ్ ఎప్పుడు: బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చే సిండ్రోమ్‌ల రికార్డు రాసేవారికి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం. ఒడిశాలోని ఈ ఊళ్ల ఆస్పత్రుల్లో రికార్డు సెక్షన్‌లో కూర్చునే మన తెలుగు పిల్లల్లో చాలామంది వైజాగ్‌లోనో అమీర్‌పేటలోనో మెడికల్ కోడింగ్ కోర్సు చేసి వచ్చినవాళ్లే. కోర్సులో నేర్పేది అమెరికా ఇన్సూరెన్సు క్లెయిముల కోడింగ్. సొంతూళ్లో ఉద్యోగంలో చేరాక ఎదురయ్యేది వేరు. చీటీ ఒడియాలో ఉంటుంది, కేస్ షీట్ ఇంగ్లిషులో ఉంటుంది, పేషెంటు తల్లి తెలుగులో చెబుతుంది. ఇందులోంచి జబ్బుకు ఒక కోడ్, అంటే పుస్తకంలో దానికిచ్చిన అక్షరం, అంకెల గుర్తు తీయాలి.

ఎక్కువగా చేయి ఆగేది రెండు చోట్ల: బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ల దగ్గర, పుట్టుకతో వచ్చే సిండ్రోమ్‌ల దగ్గర. ఒకే పేషెంటుకు మూడు నాలుగు కోడ్‌లు సరిపోయేలా కనిపిస్తాయి. ఎంచుకోవడానికి నేను పట్టుకునే సూత్రం ఒకటే. డాక్టరు రాసిన కాగితం ఎంత వరకు బలమిస్తుందో కోడ్ అంత వరకే వెళ్లాలి. కాగితం చాలకపోతే లేచి డాక్టరుగారి దగ్గరికి వెళ్లి అడగాలి. పుస్తకంలో ఇంకా సన్నటి కోడ్ వెతుక్కుంటూ కూర్చుంటే లాభం లేదు.

ముందు పుస్తకం ఏదో తేల్చుకోండి

మన దగ్గర ఆస్పత్రి రికార్డులకు, మరణ కారణాల లెక్కలకు వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ పుస్తకం ఐసీడీ-10. 1990లో ఆమోదించారు, 1994 నుంచి దేశాలు వాడకంలోకి తెచ్చుకున్నాయి. కోర్సుల్లో చెప్పేది అమెరికా వాళ్లు దాన్ని తమకు అనుగుణంగా పెంచుకున్న ఐసీడీ-10-సీఎం, క్లుప్తంగా సీఎం. అక్కడ అది 2015 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి అయింది. పైపైన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, చిక్కంతా అక్కడే. టైఫాయిడ్‌కు మన పుస్తకంలో ఎ01.0, సీఎంలో ఎ01.00. ఈ.కొలై క్రిమి వల్ల వచ్చిన సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) సీఎంలో ఎ41.51, మన పుస్తకంలో ఎ41.5 దగ్గరే ఆగిపోతుంది. ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ మందుకు లొంగని స్టాఫ్ ఆరియస్ క్రిమి) సెప్సిస్‌కు సీఎం ఎ41.02 అని ఒకే కోడ్ ఇస్తుంది. మనం ఎ41.0 రాసి, ఆ క్రిమి మెథిసిలిన్‌కు లొంగదు అన్న సంగతికి పక్కన యూ82.1 పెట్టాలి.

టీబీ దగ్గర తేడా మరీ స్పష్టం. మన పుస్తకంలో కఫం పరీక్షలోనో కల్చర్‌లోనో రుజువైన ఊపిరితిత్తుల టీబీ ఎ15లోకి, ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టినది ఎ16లోకి వెళ్తాయి. సీఎంలో ఎ16 అనేదే లేదు. టీబీ కేసులు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్లో మైక్రోబయాలజీతో రుజువైందా, క్లినికల్‌గా తేల్చారా అని విడివిడిగా అడుగుతారు కదా, మన పుస్తకంలోని విభజన దానికి సరిగ్గా సరిపోతుంది. సీఎం అలవాటుతో అందరినీ ఎ15లో పడేస్తే ఆ తేడా కాస్తా పోతుంది.

అనుమానం అని రాసిన జబ్బుల విషయంలోనూ రెండు పుస్తకాలదీ చెరో దారి. సీఎంలో అయితే ఓపీ పేషెంటుకు ‘సస్పెక్టెడ్’, ‘ప్రాబబుల్’ అని రాసి ఉంటే ఆ జబ్బు కోడ్ వేయరు, లక్షణం కోడ్ వేస్తారు. అడ్మిట్ అయి డిశ్చార్జ్ అయిన పేషెంటుకు అదే మాట రాసి ఉంటే జబ్బు ఉన్నట్టే వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టరుకే ఒక మాట చెబుతుంది: జబ్బు తేలకపోతే అనుమానం అని రాయకండి, జ్వరమనో దగ్గనో ఉన్నదే రాయండి. అయినా చివరి కాగితంలో కూడా ‘సస్పెక్టెడ్’ అనే ఉండి, ఇంకే వివరమూ దొరక్కపోతే, కోడర్ ఆ జబ్బు ఉన్నట్టే కోడ్ చేయాలి. అంటే డాక్టరుగారు పెట్టిన చిన్న ప్రశ్నార్థకం మన రిజిస్టరు చేరేసరికి మాయమైపోతుంది. అందుకే దాని గురించి ముందే అడగాలి.

ఐసీడీ-11 సంగతి క్లుప్తంగా చెబుతాను. 2019 మేలో ఆమోదించారు, 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో మూల కోడ్‌కు క్రిమి పేరు, తీవ్రత లాంటివి విడి కోడ్‌లుగా తగిలించుకోవచ్చు. సెప్టిక్ షాక్ లేని సెప్సిస్ 1జి40, షాక్ ఉన్నది 1జి41. చూడటానికి బాగుంటుంది, నేర్చుకుని ఉంచుకోండి. మీ సాఫ్ట్‌వేర్ అడగనంత వరకు రిజిస్టరులోకి తేవద్దు. ఒకే రిజిస్టరులో రెండు పుస్తకాల కోడ్‌లు కలిస్తే ఏడాది చివర రిపోర్టు తీసేవాళ్లకు నరకం.

జ్వరం కేసు: మూడు కోడ్‌లలో ఏది?

ఈ ప్రాంతంలో రోజూ కనిపించే కేస్ షీట్ ఇలా ఉంటుంది. ‘ఫీవర్ 6 డేస్. వైడాల్ పాజిటివ్. ?ఎంటరిక్ ఫీవర్. ఇంజెక్షన్ సెఫ్ట్రియాక్సోన్.’ వైడాల్ అంటే టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష, ఎంటరిక్ ఫీవర్ అంటే ఇక్కడ టైఫాయిడే. డిశ్చార్జ్ సమ్మరీ తిప్పి చూస్తే డయాగ్నసిస్ దగ్గర ఒక్క ముక్క, ‘ఫీవర్’.

ఎదురుగా మూడు కోడ్‌లు ఉంటాయి. ఆర్50.9, అంటే కారణం తేలని జ్వరం. ఎ01.0, టైఫాయిడ్. ఎ49.9, ఎక్కడ ఉందో, ఏ క్రిమో తెలియని బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. కొత్తవాళ్లు వైడాల్ చూసి ఎ01.0 వేస్తారు. తెల్లకణాల కౌంట్ ఎక్కువగా ఉంటే ఎ49.9 వేస్తారు. రెండూ తప్పే. ల్యాబ్ రిపోర్టును చూసి జబ్బు పేరు పెట్టే అధికారం కోడర్‌కు లేదు. పైగా టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతుండే ప్రాంతాల్లో ఒక్క వైడాల్‌ను నమ్మడానికి లేదు. పాత ఇన్‌ఫెక్షన్‌కో వేరే జ్వరానికో కూడా అది పాజిటివ్ వస్తుంది. బ్లడ్ కల్చర్‌లో సాల్మొనెల్లా టైఫీ పెరిగితే ఆ మాట వేరు. పై కాగితానికి నేనైతే ముందు డాక్టరుగారిని అడుగుతాను: ‘సార్, ఫైనల్‌గా ఎంటరిక్ అని రాయమంటారా, లేక ఫీవర్ అనే ఉంచమంటారా?’ ఆయన ఎంటరిక్ అని రాసి సంతకం పెడితే ఎ01.0. పెట్టకపోతే ఆర్50.9. ఎ49.9 మాత్రం ఏ దారీ లేనప్పుడే. నెల చివర మీ లిస్టులో ఎ49.9లు గుట్టగా కనిపిస్తున్నాయంటే కేస్ షీట్లు సరిగ్గా రాయడం లేదన్నమాట.

కొండ ఊళ్ల నుంచి వచ్చే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్‌ను (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) మర్చిపోకండి. కోడ్ ఎ75.3. చంకలోనో గజ్జల్లోనో నల్లటి పెచ్చు కట్టిన పుండు ఉందని డాక్టరు రాశారా, ఐజీఎం ఎలీసా రక్తపరీక్ష చేశారా, లేక అంతగా నమ్మలేని వెయిల్-ఫెలిక్స్ ఒక్కటే చేశారా అన్నది సమ్మరీలో రాయించండి. కోడ్ మారదు గానీ, పేషెంటు రేపు విజయనగరమో వైజాగ్ కేజీహెచ్‌కో వెళ్తే అక్కడి డాక్టరు నమ్మాలా వద్దా అని చూసేది ఆ ఒక్క లైనే.

కోరాపుట్ వైపు ఇంకోటి ఉంది. చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకో తిన్నవాళ్లకో చేతుల మీద నల్లటి పుండు లేస్తుంది. చర్మపు ఆంత్రాక్స్ ఆ జిల్లాలో పలుమార్లు వచ్చింది. షీట్‌లో ‘కార్బంకుల్’ అని ఉంటే సాఫ్ట్‌వేర్ ఎల్02 చూపిస్తుంది, అది మామూలు సెగ్గడ్డల కోడ్. ఆంత్రాక్స్ అని డాక్టరు రాస్తే ఎ22.0. పశువు ముచ్చట కేస్ షీట్‌లో ఉందో లేదో చూడండి. ఉండి కూడా డయాగ్నసిస్‌లో ఆ పేరు లేకపోతే మీరే గుర్తు చేయండి, చాదస్తం అనుకున్నా పర్లేదు.

విరేచనాల కేసుల్లో ఎంపిక ఎ09కీ, కలరా కోడ్ ఎ00కీ మధ్య. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2007లో, మళ్లీ 2022లో కలరా వచ్చినప్పుడు మొదటి రోజుల్లో ఎవరి దగ్గరా కల్చర్ రిపోర్టు ఉండదు కదా. అలాంటప్పుడు ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన విరేచనాలుగా ఎ09.0 వేయడమే సబబు. రిపోర్టు వచ్చాక ఎ00కి మార్చాలి. ఈలోగా జబ్బుల నిఘా విభాగానికి వెళ్లే ఫారాలు ఆగకూడదు. అనుమానం కేసులకు ఎస్ ఫారం, డాక్టరు చూసి తేల్చినవాటికి పి ఫారం, ల్యాబ్ రుజువు చేసినవాటికి ఎల్ ఫారం. ఐసీడీ కోడ్ తేలే వరకు పి ఫారం ఆపేవాళ్లు ఉన్నారు. అంత కన్నా అన్యాయం లేదు.

క్రిమి ముందా, చోటు ముందా?

మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కల్చర్‌లో ఈ.కొలై. ముందు ఎన్39.0, దాని పక్కన బి96.2. క్రిమి పేరు చెప్పే బి95, బి96 కోడ్‌లు ఎప్పుడూ తోడుకే, ఒంటరిగా మెయిన్ డయాగ్నసిస్‌లో కూర్చోకూడదు. న్యుమోనియాకు మాత్రం అలా కాదు. క్లెబ్సియెల్లా న్యుమోనియా అని రాస్తే జే15.0లోనే క్రిమి పేరు కూడా వచ్చేస్తుంది, మళ్లీ బి96.1 అక్కర్లేదు. క్రిమి తెలియకపోతే జే18.9.

సెప్సిస్ గురించి నాకు కాస్త కోపం ఉంది. జ్వరం, కౌంట్ ఎక్కువ, నాడి వేగం కనిపిస్తే చాలు ‘సెప్సిస్’ అని రాసేయడం అలవాటైపోయింది. 2016లో వచ్చిన నిర్వచనం ప్రకారం ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, ఏదో ఒక అవయవం దెబ్బతింటేనే సెప్సిస్. కిడ్నీ, ఊపిరితిత్తులు, బీపీ, ఏది దెబ్బతిందో ఒక్క లైను సమ్మరీలో లేకపోతే నేను ఎ41.9 వేయడానికి వెనకాడతాను. డబ్బు కోసం వేస్తున్నారనుకుంటే అదీ వృథాయే. ఆయుష్మాన్ భారత్‌లో డబ్బు ప్యాకేజీని బట్టి వస్తుంది, అమెరికాలోలా ఐసీడీ కోడ్‌ను బట్టి కాదు.

పసిబిడ్డల దగ్గర నాలుగు దారులు

బ్యాక్టీరియా, పుట్టుక, రెండూ కలిసేది ఇక్కడే. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదటిది, పుట్టిన 28 రోజుల్లోపు బిడ్డకు సెప్సిస్. సాఫ్ట్‌వేర్‌లో సెప్సిస్ అని కొడితే ఎ41.9 వచ్చి కూర్చుంటుంది. దాన్ని ముట్టుకోకండి. బిడ్డకు పి36. ఈ.కొలై అయితే పి36.4, స్టాఫ్ ఆరియస్ అయితే పి36.2, క్రిమి తెలియకపోతే పి36.9. బిడ్డ వయసు రోజుల్లో రాయండి. ‘1 మంత్’ అని రాస్తే 27 రోజులో 33 రోజులో ఎవరికి తెలుస్తుంది?

రెండోది, తల్లి నుంచి వచ్చిన సిఫిలిస్. పుట్టుకతో వచ్చిందని పుట్టు లోపాల కోడ్‌లుండే క్యూ చాప్టర్లో వెతుకుతారు, అక్కడ ఉండదు. బ్యాక్టీరియా జబ్బు కాబట్టి ఎ50. బిడ్డలో లక్షణాలుంటే ఎ50.0, లక్షణాలు లేకుండా పరీక్షల మీద డాక్టరు తేలిస్తే ఎ50.1. ఈ రెండూ రెండేళ్ల లోపు బయటపడినవాటికి.

మూడోది దీనికి పక్కనే ఉంటుంది. తల్లికి ఆర్‌పీఆర్ (సిఫిలిస్ రక్తపరీక్ష) పాజిటివ్, బిడ్డకు జబ్బు ఉన్నట్టు ఎక్కడా లేదు. అప్పుడు ఎ50 వేయకూడదు. తల్లి ఇన్‌ఫెక్షన్ ప్రభావం ఉండొచ్చు గానీ బిడ్డలో ఆ జబ్బు కనిపించలేదు అనే సందర్భానికి పి00.2 ఉంది. ఈ రెంటికీ తేడా ఒక కుటుంబం పరువుకు సంబంధించింది. డిశ్చార్జ్ కాగితం అత్తగారి చేతికి ఇచ్చేటప్పుడు, చదివి వినిపించేటప్పుడు చూసుకుని చేయండి.

నాలుగోది, కడుపులో ఉండగా రుబెల్లా సోకిన బిడ్డ. కంట్లో శుక్లం, గుండెలో లోపం, చెవుడు. ఒక్కొక్కటిగా చూస్తే శుక్లం, గుండె లోపం క్యూ కోడ్‌లే, చెవుడు హెచ్90. కానీ కారణం తెలుసు కాబట్టి పి35.0 ముందు, శుక్లానికి క్యూ12.0 లాంటివి తర్వాత. ఇది వైరస్సే అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన లోపం, తయారవడంలోనే వచ్చిన లోపం పైకి ఒకేలా కనిపిస్తాయి. తల్లి గర్భంతో ఉన్నప్పటి జ్వరం, దద్దుర్లు, టీకాల సంగతి కేస్ షీట్‌లో లేకపోతే కోడర్ ఏమీ చేయలేడు.

సిండ్రోమ్ పేరు వేయాలా, లోపాలు విడిగా వేయాలా?

డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం) క్యూ90. దాని కింద నాలుగు: మామూలు ట్రైసోమీ క్యూ90.0, కొన్ని కణాల్లోనే ఉండే మొజాయిక్ క్యూ90.1, అదనపు ముక్క వేరే క్రోమోజోమ్‌కు అతుక్కున్న ట్రాన్స్‌లొకేషన్ క్యూ90.2, వివరం లేనిది క్యూ90.9. మొదటి మూడింటికీ క్రోమోజోమ్ పరీక్ష రిపోర్టు ఉండాలి. పిల్లల డాక్టరు ముఖం, చేతి గీత, కండరాల మెత్తదనం చూసి డౌన్ సిండ్రోమ్ అని రాస్తే క్యూ90.9 చాలు, అది తక్కువ కోడేమీ కాదు. అయితే పరీక్ష చేయించమని గట్టిగా చెప్పాల్సిన కారణం ఒకటుంది. ట్రాన్స్‌లొకేషన్ అయితే తల్లిదండ్రుల్లో ఒకరు దాన్ని మోస్తుండొచ్చు, తర్వాతి కాన్పుకు ఆ సంగతి కావాలి. రిపోర్టు వచ్చిన రోజు కోడ్ మార్చండి.

డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. ఎకోలో (గుండె స్కాన్‌లో) తేలితే దాన్ని విడిగా వేయాలి: ఏవీ సెప్టల్ లోపానికి (గుండె పై, కింది గదుల మధ్య గోడ సరిగ్గా ఏర్పడకపోవడం) క్యూ21.2, వీఎస్‌డీకి (కింది గదుల మధ్య రంధ్రం) క్యూ21.0. సిండ్రోమ్ వేశాం కదా అని దీన్ని వదిలేస్తే ఆపరేషన్ ఫైల్లో ఆధారం ఉండదు. ఆ సిండ్రోమ్‌లో అందరికీ ఉండే ముఖం పోలికలు, కంటి మడతల లాంటివి మాత్రం విడిగా కోడ్ చేయక్కర్లేదు.

ఇక ‘సిండ్రోమిక్ బేబీ’. ఈ రెండు మాటలు రాసి వదిలేసిన షీట్లు ఎన్నో. పేరు లేని సిండ్రోమ్‌కు క్యూ87లో చోటు వెతకడం, పరీక్ష లేకుండా క్రోమోజోమ్ లోపం అని క్యూ99.9 వేయడం రెండూ సొంత కవిత్వమే. కనిపించిన లోపాలను విడివిడిగా రాయించండి. గ్రహణం మొర్రి పెదవికైతే క్యూ36, అంగిలికైతే క్యూ35, రెంటికీ అయితే క్యూ37. వంకర పాదం క్యూ66.0. ఇలా రాస్తే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీముకు పంపడానికి పనికొస్తుంది. వాళ్ల జాబితాలో గ్రహణం మొర్రి, వంకర పాదం, పుట్టు శుక్లం, డౌన్, గుండె లోపాలు పేరు పేరునా ఉన్నాయి. ‘సిండ్రోమిక్ బేబీ’ అన్న పేరు ఏ జాబితాలోనూ లేదు.

ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. పాలసీల్లో పుట్టు లోపాన్ని బయటికి కనిపించేదని, లోపలిదని రెండుగా చూస్తారు. బయటి లోపాల చికిత్సకు చాలా పాలసీలు డబ్బివ్వవు. డౌన్ బిడ్డకు న్యుమోనియా వచ్చి చేరితే మెయిన్ డయాగ్నసిస్ న్యుమోనియా. క్యూ90.9 రెండో వరసలో. వరస తిరగబడితే పుట్టు లోపానికి చికిత్స అనుకుని క్వెరీ పెడతారు, తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి టెన్షన్ పడతాడు.

సికిల్ సెల్ గురించి చెప్పకపోతే ఈ జిల్లాలకు అన్యాయం చేసినట్టే. ఇది వంశపారంపర్యమే గానీ క్యూ చాప్టర్లో ఉండదు, రక్తం జబ్బుల్లో డి57లో ఉంటుంది. నొప్పుల క్రైసిస్‌తో వస్తే డి57.0, క్రైసిస్ లేకపోతే డి57.1, వాహకులైతే డి57.3. వాహకుడికి డి57.1 వేస్తే పెళ్లి సంబంధాల దగ్గర ఎలాంటి గొడవ అవుతుందో చెప్పక్కర్లేదు. ఈ పిల్లలకు సాల్మొనెల్లా వల్ల ఎముక ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటి కేసులో మన పుస్తకం జంట కోడ్ అడుగుతుంది: మూలకారణానికి ఎ02.2, ఎముకకు నక్షత్రం గుర్తున్న ఎం90.2, వాటితో పాటు డి57. నక్షత్రం ఉన్న కోడ్ ఒంటరిగా నిలబడదు. 2016 దివ్యాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ ఒకటి. సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు బోర్డు ముందు పెట్టే పాత డిశ్చార్జ్ కాగితాల్లో జబ్బు పేరు ఒకేలా ఉండేట్టు చూడండి.

కాగితం సరిహద్దు దాటితే

కోడ్ సరిగ్గా ఉన్నా పేరు దగ్గర ఫైలు ఆగిపోతుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ‘గేదెల రాము’. ఒడిశాలో తీసుకున్న ఆధార్‌లో ‘రాము గేదెల’. పర్లాకిమిడిలో అడ్మిట్ అయిన బిడ్డ శ్రీకాకుళంలో ఇంకో పేరు మీద చేరితే రెండు ఆస్పత్రుల కాగితాలు కలవవు. ఆధార్‌లో ఉన్న వరసే రాయండి, ఇంట్లో పిలిచే పేరు పక్కన విడిగా రాసుకోండి. ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని ఉన్న షీట్‌లో తల్లి ఐడీ, పుట్టిన తేదీ, సమయం తప్పనిసరి.

మరణం జరిగితే ఫారం 4లో (మరణ కారణం సర్టిఫికెట్) ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి ముగించే డాక్టర్లతో కాస్త పోట్లాడాల్సి ఉంటుంది. అది చనిపోయిన తీరే తప్ప కారణం కాదు. మొదటి భాగం పై లైనులో సెప్టిక్ షాక్, కింది లైనులో న్యుమోనియా, ఇలా వెనక్కి వెళ్లాలి. డౌన్ సిండ్రోమ్ ఆ వరసలో భాగం కాకుండా తోడైనదని డాక్టరు అనుకుంటే రెండో భాగంలో రాస్తారు. ఒక్క ‘సెప్సిస్’ రాస్తే లెక్కల్లో మూలకారణం ఎ41.9 అయిపోతుంది, అసలు జబ్బు కనపడదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత ఈ కారణం సర్టిఫికెట్ కాపీని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి, ఇంటివాళ్లకు చెప్పండి.

చివరగా, కల్చర్ రిపోర్టు పేషెంటు వెళ్లిపోయిన రెండు మూడు రోజులకు వస్తుంది. పాత సమ్మరీ చింపి కొత్తది పెట్టకండి. పాతదాని కిందే అదనపు నోటు రాయించి, రిపోర్టు తేదీ, డాక్టరు సంతకం తీసుకుని, కోడ్ మార్చి, పేషెంటు ఫోన్ నంబరుకు చెప్పండి. మందు మార్చాల్సి వస్తే వాళ్లు మళ్లీ రావాలి కదా.